రాతి మీది మాట, కాగితం మీది మాట

స్కాట్లాండ్‌లోని పెంట్‌లాండ్ కొండల్లో లిటిల్ స్పార్టా అనే తోట ఉంది. కవి ఇయాన్ హామిల్టన్ ఫిన్లే 1966లో భార్య స్యూతో కలిసి దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ రాళ్ల మీద, బెంచీల మీద మాటలు చెక్కి ఉంటాయి. చెక్కిన అక్షరం ఎప్పుడూ ఒకేలా కనిపించదు. నడినెత్తిన ఎండ ఉంటే సరిగా ఆనదు. పొద్దు వాలితే గాడిలో నీడ చేరి తేటపడుతుంది. వాన పడితే రాయి నల్లబడుతుంది, ఏళ్లు గడిస్తే నాచు పడుతుంది. అంటే సగం రచన వాతావరణానిదే!

జపాన్ హైగా దారి వేరు. ఒకే కుంచెతో హైకూ, పక్కనే నాలుగు గీతల బొమ్మ. బుసోన్ (1716–1784) కవీ, చిత్రకారుడూ కూడా. మంచి హైగాలో కవిత చెప్పిందే బొమ్మ మళ్లీ చెప్పదు. రెంటి మధ్య వదిలేసిన తెల్ల కాగితం దగ్గరే చూపు ఆగిపోతుంది.

హైగాని ఇంట్లో కూర్చుని చూడొచ్చు, అదో సుఖం. అయినా నా ఓటు రాతికే. దాని దగ్గరికి నడిచి వెళ్లాలి, ఆ నడకలోనే బుర్రలోని గోల సగం తగ్గుతుంది. ఫోన్ జేబులోనే ఉంటే, అదీ.