పిల్లలతో హైదరాబాద్‌లో చైనీస్: మొదటి పది నిమిషాలు చూడండి

వేసవి సెలవుల్లో హన్మకొండ నుంచి హైదరాబాద్ వెళ్తే మా ఇంట్లో బిర్యానీ కోసం కొట్లాట ఉండదు. పిల్లలకు కావాల్సింది నూడుల్స్. తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్లు నిండిన చిన్నోడు, శనివారం నీసు ముట్టని అత్తమ్మ, కారం లేకపోతే ముద్ద దిగని మా ఆయన. వీళ్లందరికీ ఒకే టేబుల్ మీద సరిపడే తిండి దొరకాలి. జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, దుర్గం చెరువు తిరుగుతూ మధ్యలో వీలైన చోటల్లా చైనీసే తిన్నాం. రుచి సంగతి తర్వాత. చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు నేను చూసేది మొదటి పది నిమిషాలే. మంచినీళ్లు ఎప్పుడొచ్చాయి, సూప్ ఎప్పుడొచ్చింది, కారం గురించి చెప్తే ఆర్డర్ తీసుకునే మనిషి నిజంగా విన్నాడా లేదా.

దిగింది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఒక మామూలు హోటల్లో. గది చిన్నదే, బాత్రూంలో వేడినీళ్లు ఉదయం మాత్రమే. అయినా ఆ ఏరియాలోనే ఉండమంటాను, కారణం మెట్రో. స్టేషన్ ఎదుటే సికింద్రాబాద్ ఈస్ట్ ఉంది, రెండో స్టాప్ ప్యారడైజ్. అదే బ్లూ లైన్‌లో కూర్చుంటే రైలు మారకుండా దుర్గం చెరువు, రాయదుర్గం దాకా పోవచ్చు. ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగిపోయి, వెనక సీట్లో పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే తర్వాత ఎంత మంచి రెస్టారెంట్‌కి వెళ్లినా లాభం లేదు.

పార్క్ లేన్ అంటే మనలో చాలామందికి కంప్యూటర్లు కొనే సీటీసీ వీధి. నాంకింగ్ అనే చైనీస్ రెస్టారెంట్ అక్కడే ఉంది, దశాబ్దాలుగా నడుస్తోంది. జంట నగరాల్లో ఒకప్పుడు చైనా మూలాలున్న కుటుంబాలు పళ్ల ఆసుపత్రులు, బ్యూటీ పార్లర్లు, హోటళ్లు నడిపేవి. మా మామయ్యకు ఆ రోజులు గుర్తున్నాయి. తిండి పాత పద్ధతిది, నాలుక మండించే రకం కాదు. పన్నెండు దాటగానే వెళ్తే టేబుల్ కోసం నిలబడే పని లేదు. కారు తీసుకెళ్తే మాత్రం పార్కింగ్ టెన్షన్ తప్పదు, ఆటోనో మెట్రోనో మేలు.

అక్కడ మేం తెప్పించింది స్వీట్ కార్న్ సూప్, వన్ బై టూ. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఒక సూప్‌ను వంటింట్లోనే రెండు గిన్నెల్లో పోసి తెస్తారు, పంచుకునే గొడవ ఉండదు. ఒక్క జాగ్రత్త కావాలి. ఈ సూప్‌లో కార్న్‌ఫ్లోర్ కలుపుతారు కాబట్టి పైన మీగడలా చిక్కబడి లోపలి వేడి బయటికి పోదు. పొగ రావట్లేదని చెంచా నోట్లో పెడితే పిల్లల నాలుక కాలుతుంది. ఆ పింగాణీ చెంచా కూడా వేడెక్కుతుంది, అంచు పెదవికి తగలగానే చిన్నోడు ఉలిక్కిపడ్డాడు. ఒక వెడల్పాటి ఖాళీ ప్లేట్, స్టీలు చెంచా అడగండి. ప్లేట్లో పల్చగా పోస్తే రెండు నిమిషాల్లో తాగే వేడికి వస్తుంది.

కారం సంగతికి వస్తే, ‘చైనీస్ అంటే చప్పగా ఉంటుంది, పిల్లలకు మంచిది’ అనుకునేవాళ్లు మంచూరియా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. కోల్‌కతాలో స్థిరపడ్డ హక్కా చైనీయుల వంట మన నోటికి తగ్గట్టు మారుతూ వచ్చింది. ఆ కోల్‌కతాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టర్ 1970ల్లో బొంబాయిలో చికెన్ మంచూరియన్ చేశారని చెప్తారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోశారట. అంటే పుట్టుకలోనే పచ్చిమిర్చి ఉంది. హైదరాబాద్‌కు వచ్చేసరికి దాని మీద ఇంకో రెండు గుప్పెళ్లు పడ్డాయి. చైనీస్ పేజీలో కనిపించే చికెన్ 65, చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ అయితే మన సొంత సరుకే, వాటికి చైనాతో ఏ సంబంధమూ లేదు. మా ఆయన అవే తెప్పించుకుంటాడు, అది వేరే విషయం.

అందుకే ‘కొంచెం కారం తగ్గించండి’ అంటే సరిపోదు. ఆ కొంచెం ఎంతో వంటమాస్టర్‌కు తెలియదు. ‘పచ్చిమిర్చి వద్దు, మిరియాల పొడి వద్దు, షెజ్వాన్ సాస్ వద్దు, నాలుగేళ్ల పిల్లాడికి’ అని పేరుపేరునా చెప్పాలి. మంచి చోట ఆ మాట అలాగే చీటీ మీద రాసుకుంటారు. నూడుల్స్ అయితే అప్పటికప్పుడు కడాయిలో వేస్తారు కాబట్టి మార్చడం సులువు. మంచూరియా ఉండల్లో మిర్చి ముందే కలిపేసి ఉంటుంది, దాన్ని ఎవరూ బయటికి తీయలేరు.

శనివారం అత్తమ్మతో వెళ్లడం ఇంకో పరీక్ష. వెజ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆమెకు సరిపోదు. అడగాల్సినవి మూడు ఉన్నాయి: వెజ్ సూప్‌కి నీళ్లు వాడతారా లేక చికెన్ ఉడికించిన నీళ్లా, నూడుల్స్‌లో గుడ్డు ఉందా, కూరలో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) గానీ ఫిష్ సాస్ గానీ వేస్తారా. ఒక చోట కుర్రాడు లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, ‘అమ్మా, నూడుల్స్‌లో గుడ్డు లేదు గానీ కడాయి ఒక్కటే, కడిగి చేయిస్తాను’ అన్నాడు. దాచకుండా చెప్పాడని అత్తమ్మ సంతోషించింది, తినడం మాత్రం పెరుగన్నమే తింది.

జూబ్లీహిల్స్‌లో ఒక పేరున్న చోట అనుభవం దీనికి పూర్తిగా తిరగబడింది. పేరు చెప్పను. లోపల చీకటి, చెవులు గింగురుమనే పాటలు, మెనూ చదవడానికి ఫోన్ లైటు వేసుకోవాల్సి వచ్చింది. సూప్ రావడానికే ముప్పావుగంట పట్టింది. అప్పటికి చిన్నోడు టేబుల్ మధ్యలో తిరిగే గాజు పళ్లేన్ని గిర్రున తిప్పి చిల్లీ ఆయిల్ సీసా పడేశాడు. పిల్లల కుర్చీ అడిగితే ఒకటే ఉందట, అది వేరే టేబుల్ దగ్గర ఉందట. చివర్లో బిల్లులో అడక్కుండానే పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ మాట చెప్తే మేనేజర్ వాదించకుండానే తీసేశాడు. మీరూ అడగండి, మొహమాటం వద్దు.

పెద్ద హోటల్‌కి వెళ్లాలనుకుంటే మాదాపూర్ వైపు ఐటీసీ కోహినూర్‌లో యీ జింగ్ అనే చైనీస్ రెస్టారెంట్ ఉంది, హోటల్ దుర్గం చెరువు పక్కనే. తాత పుట్టినరోజు లాంటి సందర్భానికి బాగుంటుంది, రోజూ తిరిగే చోటు కాదు. ఇలాంటి స్టార్ హోటళ్లలో జీఎస్టీ సాధారణంగా 18 శాతం, బయటి రెస్టారెంట్లలో 5 శాతం. బిల్లు చూసి ఉలిక్కిపడకుండా ముందే లెక్కేసుకోండి.

మాల్ ఫుడ్‌కోర్టుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎవరికి నచ్చింది వాళ్లు కొనుక్కోవచ్చు, గోల చేసినా ఎవరూ తిరిగి చూడరు, రుచి అంతంత మాత్రం. నెక్లెస్ రోడ్డులో ఈట్ స్ట్రీట్ సాయంత్రాలకు బాగుంటుంది. పక్కనే హుస్సేన్ సాగర్ గాలి, పిల్లలు అటూ ఇటూ తిరగడానికి జాగా. దోమల మందు రాసుకుని వెళ్లాలి.

ఇక బండి మీది ఫాస్ట్‌ఫుడ్. రుచిలో చాలా రెస్టారెంట్లు దాని ముందు నిలవవు, కాదనను. పిల్లలకు మాత్రం రెండు విషయాల్లో నేను గట్టిగా ఉంటాను. ఒకటి, ఎర్రగా మెరిసే గోబీ మంచూరియా. కృత్రిమ రంగుల మూలంగానే కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో దాని మీద ఆంక్షలు పెట్టింది. రెండోది, మోమోలతో ఇచ్చే మయోనైజ్. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో ఏడాదిపాటు నిషేధించింది. ఆ గడువుతో నాకు పని లేదు, మా పిల్లల ప్లేట్లో అది పడదు. ఆజినోమోటో గురించి మా అక్క భయపడినంతగా నేను భయపడను. టమాటాలో, చీజ్‌లో సహజంగా ఉండే గ్లుటమేటే అది. కానీ ఏడాది నిండని పిల్లలకు పనికిరాదని ప్యాకెట్ల మీదే రాయాలన్న నిబంధన ఉంది కాబట్టి చంటిపిల్లకు మన ప్లేట్లోంచి తీసి తినిపించకండి.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ నుంచి బస్సెక్కేముందు అమ్మాయి ఫ్రైడ్ రైస్ పార్సిల్ అడిగింది. నేను కొనలేదు. వండిన అన్నం ఎండాకాలంలో గంటలకొద్దీ మూతేసి ఉంటే అందులో పుట్టే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు, బస్సులో వాంతులు మొదలైతే ఎవరు చూస్తారు? అరటిపళ్లు, బిస్కెట్లు తీసుకున్నాం. ఆలేరు దాటేదాకా అలిగి కూర్చుంది.