అమెరికాలో ఆరు నెలలు, బీపీ షుగర్లతో: కొన్నేళ్ళ అనుభవం మీద సమీక్ష

డల్లాస్ శివార్లలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి మేమిద్దరం విజిటర్ వీసా మీద వెళ్ళి, ఆరు నెలలకు కాస్త తక్కువగా ఉండి రావడం కొన్నేళ్ళుగా అలవాటైంది. నాకు షుగరు, మా ఆవిడకు బీపీ. రెండూ పాతవే, మందు ఆపడానికి వీల్లేనివే. అందువల్ల అక్కడ మామూలు పరీక్షలు, మామూలు మాత్రలు ఎలా నడుస్తాయన్నదే మాకు అసలు ప్రశ్న. ఇన్నాళ్ళ వాడకంలో తేలిందేమిటంటే, విజిటర్ ఇన్సూరెన్సు ఈ నిత్య వైద్యానికి దాదాపు అక్కరకు రాదు; వీటికి దాని జోలికి పోకుండా మందుల షాపును, లాబును, అర్జెంట్ కేర్‌ను (చిన్న జబ్బులను అప్పటికప్పుడు చూసే క్లినిక్కును) చేతి డబ్బుతో వాడుకుంటే పెద్దగా ఇబ్బంది పడనక్కరలేదు.

ఇన్సూరెన్సులో రెండు రకాలూ వాడి చూశాము. ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలో డాక్టరుకు చూపించుకుంటే ఇంత, ఆసుపత్రి గదికి రోజుకు ఇంత అని ముందే రాసి ఉంటుంది. బిల్లు ఎంతయినా ఆ అంకె దాటదు. ప్రీమియం చవక అని తీసుకుంటారు గాని, అక్కడి ధరల ముందు అది ఏ మూలకూ చాలదు. కాంప్రెహెన్సివ్ పాలసీలో డిడక్టబుల్, అంటే ముందుగా మన వంతుగా పెట్టుకోవలసిన మొత్తం, మనం భరించాక, చాలావాటిలో మొదటి 5,000 డాలర్లకు 80 శాతం, ఆపైన పరిమితి దాకా పూర్తిగా వాళ్ళు కడతారు. రెండింటిలో ఇదే నయం. అయితే పాత జబ్బుల విషయంలో ఇది కూడా ‘అక్యూట్ ఆన్‌సెట్’ అన్న షరతుకు కట్టుబడి ఉంటుంది. ముందస్తు లక్షణాలేవీ లేకుండా హఠాత్తుగా ముదిరి ఉండాలి, సాధారణంగా 24 గంటల్లోపు వైద్యుని దగ్గరికి వెళ్ళి ఉండాలి, వయసు కూడా పాలసీలో చెప్పిన హద్దు దాటకూడదు. మా ఆవిడకు ఒకసారి కళ్ళు తిరిగి అర్జెంట్ కేర్‌కు తీసుకువెళితే, బీపీ పాత జబ్బే గనుక డబ్బు రాదని కంపెనీ వారు తేల్చేశారు. ఏజెంటు అమ్మేటప్పుడు మాత్రం “అన్నీ కవర్ అవుతాయండీ” అనే అన్నాడు. మామూలు చెకప్పులు, పళ్ళు, కళ్ళజోళ్ళు ఎలాగూ ఇందులో ఉండవు. అయినా గుండెపోటు, తుంటి విరగడం వంటి వాటికోసం కాంప్రెహెన్సివ్ పాలసీ లేకుండా విమానం ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

మందుల సంగతి కొంత విపులంగా చెప్పుకోవాలి. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమం ప్రకారం సొంత వాడకానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే వెంట తీసుకుపోవాలి. ఉండేదేమో ఆరు నెలలు. మిగతావి ఇంటినుంచి కొరియర్‌లో తెప్పించుకోవచ్చు గాని, ఆ పెట్టెలో వీసా, పాస్‌పోర్టు నకళ్ళు, డాక్టరు ఉత్తరం, ఇంగ్లీషులో ఉన్న ప్రిస్క్రిప్షన్ నకలు ఉండాలి. మన డాక్టరు చీటీని అక్కడి షాపులో చూపితే మందు ఇవ్వరు. అక్కడ లైసెన్సు ఉన్నవారే రాయాలి. ఇక అక్కడి డాక్టరుతో రాయించుకుందామంటే, మనకు అలవాటైన మందుల్లో కొన్ని అక్కడ లేనే లేవు. షుగరుకు వాడే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్, బీపీకి వాడే సిల్నిడిపిన్ వంటివి అమెరికాలో ఆమోదం పొందలేదు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగరు మాత్ర మన దగ్గర ప్రతి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. అక్కడ రెండూ విడివిడిగానే రాస్తారు. కాబట్టి బయలుదేరే ముందే మన డాక్టరును అడిగి, ఏ మాత్రకు అక్కడ ఏది బదులో జెనెరిక్ పేర్లతో (బ్రాండు పేరు కాక అసలు మందు పేరుతో) టైపు చేయించుకుని పోవడం మేలు. నొప్పికి మనవాళ్ళు చప్పున వేసుకునే నిమెసులైడ్ కూడా అక్కడ లేదు.

సీవీఎస్ అనే మందుల షాపులోనే ఉండే మినిట్‌క్లినిక్ అనే చిన్న క్లినిక్కులో నన్ను చూసిన నర్స్ ప్రాక్టిషనర్, నా మందుల స్ట్రిప్‌ను దీపం కిందికి తీసుకుపోయి, వెనుక ఉన్న సన్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది. డాక్టరు కాదు గాని మందు రాసే అధికారం ఉంది, ఓపికా ఉంది. ఆమె రాసిన మెట్‌ఫార్మిన్ ఒక నారింజ రంగు సీసాలో విడి మాత్రలుగా వచ్చింది. మన షాపులో లాగా స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెట్టడం అక్కడ లేదు. ధర మాత్రం ఆశ్చర్యం కలిగించింది. ఇన్సూరెన్సు లేకుండానే వాల్‌మార్ట్ చవక జెనెరిక్ జాబితాలో మెట్‌ఫార్మిన్ నెలకు 4 డాలర్లకు వచ్చింది. ఆ జాబితాలో లేని మందులకు మందుల ధర తగ్గించే గుడ్‌ఆర్‌ఎక్స్ కూపను చూసుకోవాలి, ఎందుకంటే ఒకే వీధిలోని రెండు షాపుల మధ్య ఒకే మందు ధర రెట్టింపు తేడా ఉండడం మేము చూశాము. గ్లూకోమీటరు స్ట్రిప్పులకు వాల్‌మార్ట్ సొంత బ్రాండు రిలయాన్ చాలు.

రక్తపరీక్షకు డాక్టరు చీటీ కోసం తిరగనక్కరలేదు. టెక్సాస్‌లో క్వెస్ట్, లాబ్‌కార్ప్ అనే లాబు కంపెనీల వెబ్‌సైట్లలో మనమే డబ్బు కట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) వంటివి ఎంచుకుని, దగ్గరి సెంటరుకు వెళ్ళి రక్తం ఇవ్వవచ్చు. నేను మూడు నెలల పరీక్షను అలాగే చేయించుకుని, రిపోర్టును వాట్సాప్‌లో మా ఊరి డాక్టరుగారికి పంపుతాను. షుగరు అంకె ఇక్కడిలాగే మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది గనుక ఆయనకు చదవడంలో తికమక ఉండదు.

జ్వరం, మూత్రంలో మంట, దగ్గు వంటివాటికి అర్జెంట్ కేర్ ఉంది. సాయంత్రాలు, ఆదివారాలు కూడా చాలాచోట్ల తెరిచే ఉంటుంది. లోపలికి వెళ్ళగానే “సెల్ఫ్ పే”, అంటే ఇన్సూరెన్సు లేకుండా మేమే కడతాము అని చెప్పి ధర ముందే అడగాలి. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు వాడుకోనివారు ముందుగా నిర్ణయించుకున్న చికిత్సకు ఖర్చు అంచనాను రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. బిల్లు దానికంటే 400 డాలర్లు, అంతకు మించి పెరిగితే అభ్యంతరం చెప్పుకునే దారి ఉంది. ఎమర్జెన్సీ రూము వేరు. అక్కడ ఎవరినైనా పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలని 1986 నాటి చట్టం చెబుతుంది, బిల్లు మాత్రం తరువాత ఇంటికి వస్తుంది. గుండెలో నొప్పి, మాట తడబడడం వంటివైతే ఆ బిల్లు గురించి ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

పన్ను నొప్పి ఉంటే ఇక్కడే తేల్చుకుని వెళ్ళాలి, అంతకంటే చెప్పడానికేమీ లేదు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, కింద సామాను గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. డల్లాస్‌కూ మనకూ పదిన్నర నుంచి పదకొండున్నర గంటల తేడా కాబట్టి మొదటి రెండు రోజుల డోసు వేళలు డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి.

ఈ పద్ధతి జబ్బు అదుపులో ఉన్నవారికే. డయాలిసిస్ మీద ఉన్నవారికి, ఈ మధ్యనే స్టెంటు వేయించుకున్నవారికి, మందు మోతాదు ఇంకా కుదురుకోనివారికి మాత్రం ఆరు నెలల ప్రయాణాన్ని వాయిదా వేసుకోమని, లేదా పిల్లలనే ఇక్కడికి రమ్మనమని చెబుతాను.