ఇంజీ బొమ్మల కోసం కైరో వెళితే

కైరో వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నాను: హోటల్ కౌంటర్ దగ్గర అంటగట్టే "ఆర్ట్ టూర్" కట్టకండి. ఇద్దరికి 60 డాలర్లు పోసి మేం ఒక రోజంతా పోగొట్టుకున్నాం.

నేను వెళ్లిందే ఈజిప్టు చిత్రకారిణి ఇంజీ ఎఫ్లాటూన్ వేసిన బొమ్మల కోసం. తోడొచ్చిన వదినకు పిరమిడ్లు కావాలి. అవి మొదటి రోజే హాయిగా చూసేశాం. రెండో రోజు టూర్ అతనికి, ఆ బొమ్మలున్న "అమీర్ తాజ్ ప్యాలెస్" అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. సరేనని తలూపి, కారు తీసుకెళ్లి ఓ పాపిరస్ కొట్టు ముందు ఆపాడు. పాపిరస్ అంటే ఒక నీటి మొక్క కాడతో చేసే కాగితం, దాని మీద బొమ్మలు వేసి అమ్ముతారు. "ఇదీ ఈజిప్టు చిత్రకళే మేడమ్" అన్నాడు. లోపల టీ ఇచ్చి, కాడను చీల్చి, నానబెట్టి, ఒత్తి కాగితం చేసి చూపించారు. అది బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది బేరం. ఒక బొమ్మకు 2,800 ఈజిప్టు పౌండ్లు అన్నారు, వద్దంటే 2,000, లేచి నిలబడితే 1,400. తాగిన టీకి మొహమాటపడి వదిన కొనేసింది. బయటికొచ్చేసరికి "ఇంక ప్యాలెస్ మూసేస్తారు" అని మమ్మల్ని హోటల్ దగ్గర దింపేశాడు. ఆ సాయంత్రం ఖాన్ ఎల్ ఖలీలీ బజార్లో అచ్చం అదే బొమ్మ 150కి దొరుకుతోంది. వదిన రాత్రి అన్నం కూడా తినలేదు. పక్కనే ఉండి ఆపనందుకు నా మీదే కోపం.

మూడో రోజు మేమే యాప్‌లో కారు పిలుచుకున్నాం. డౌన్‌టౌన్ నుంచి 85 పౌండ్లు, అంతే. సుల్తాన్ హసన్ మసీదుకు దగ్గర్లో, సుయూఫియా వీధిలో, 1352 నాటి భవనం అది, అప్పట్లో ఈజిప్టును ఏలిన మమ్లూకుల అమీర్ ఒకడిది. ఇంజీ బొమ్మలు అందులోనే ఉన్నాయి.

ఇంజీ 1924లో, ఫ్రెంచి మాట్లాడే భూస్వాముల ఇంట్లో పుట్టిన పిల్ల. కమ్యూనిస్టుల్లో చేరింది, ఆడవాళ్ల హక్కుల మీద పుస్తకాలు రాసింది. 1959లో అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం పట్టుకెళ్లి 1963 దాకా జైల్లో ఉంచింది. అక్కడా కుంచె వదల్లేదు. తోటి ఖైదీ ఆడవాళ్లను వేసింది, గోడ అవతల కనిపించే చెట్లను వేసింది. అలాంటి ఒక చెట్టు బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. విడుదలయ్యాక వేసినవాటిలో రంగుల మధ్య తెల్లటి కాన్వాస్ అలాగే ఖాళీగా వదిలేసింది, పొలం మీద ఎండ పడుతున్నట్టే ఉంటుంది. పుస్తకాల్లో అచ్చు చూసి నేను దాన్ని ఎప్పుడూ పట్టుకోలేకపోయాను. పొలంలో వంగి పనిచేస్తున్న ఆడవాళ్ల దగ్గర వదిన ఆగింది. "మావైపు మిరపకాయలు కోసేటప్పుడు నడుం ఇలాగే పెడతారు, ఈవిడ దగ్గరుండి చూసింది" అంది. నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట అది.

మధ్యాహ్నం 60 పౌండ్ల కోషరి తిన్నాం. అన్నం, పప్పు, మాకరోనీ, పైన వేయించిన ఉల్లిపాయలు. శాకాహారులు కళ్లు మూసుకుని తినొచ్చు. అక్కణ్నుంచి సాదాత్ స్టేషన్లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఒపేరా, మేం వెళ్లినప్పుడు టికెట్ 8 పౌండ్లు. మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఒపేరా ఆవరణలోనే. చిత్రకారిణి తహియా హలీం బొమ్మల కోసమైనా వెళ్లండి. ఆస్వాన్ పెద్ద డ్యామ్ నీళ్లలో మునగబోయే నూబియా ప్రాంతానికి 1962లో వెళ్లొచ్చి అక్కడి మనుషుల్ని వేసిందావిడ.

తహ్రీర్ కూడలి పక్కనున్న మొహమ్మద్ మహమూద్ వీధికి మాత్రం ఆశపడి వెళ్లకండి. 2011 విప్లవం నాటి గోడ బొమ్మలు చాలావరకు సున్నం కిందికి పోయాయి. బహియా షెహాబ్ అనే ఆవిడ అరబ్బీలో "వద్దు" అనే మాటను రకరకాల పాత లిపుల్లో కైరో గోడల మీద స్ప్రే చేసింది ఆ రోజుల్లోనే. సున్నం చూసి నాకు కడుపు మండింది.

ఆఖరి రోజు విమానం సాయంత్రానికి. పొద్దున్నే వదిన తయారై కూర్చుంది. "ఆ చెట్టు బొమ్మ ఇంకోసారి చూసొద్దామా?" అంది. ట్రాఫిక్ వల్ల ఈసారి 92 పౌండ్లయింది. తనే ఇచ్చింది.