డేగానా vs అటోలియా: రెండు ఎడారి టంగ్‌స్టన్ గనులు

రెండూ ఎడారి నేలలే, రెండూ గ్రానైట్ జాతి రాళ్లే, రెండిటికీ ఊపు తెచ్చింది మొదటి ప్రపంచ యుద్ధమే, ఎందుకంటే లోహాన్ని వేగంగా కోసే పనిముట్ల స్టీల్‌కి టంగ్‌స్టన్ కావాలి.

రాజస్థాన్ నాగౌర్ దగ్గర డేగానాలో రేవత్ కొండ ఉంది, గ్రానైట్ చల్లారే టైంలో చివర్లో మిగిలిన వేడి ద్రవాలు పగుళ్లలోకి ఎక్కి క్వార్ట్జ్ సిరలుగా గట్టిపడ్డాయి, వాటిలోనే నల్లగా బరువుగా ఉల్ఫ్రమైట్, అంటే టంగ్‌స్టన్ ఉండే ఖనిజం. 1990ల్లో మూసేశారు.

అటోలియా కాలిఫోర్నియా మొహావీ ఎడారిలోది, ఇక్కడ దొరికేది షీలైట్, అంటే కాల్షియం టంగ్‌స్టేట్, ఇదీ టంగ్‌స్టన్ ఉండే ఖనిజమే. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం! బంగారం కోసం వచ్చినవాళ్లు ఈ తెల్లటి బరువు రాయి ఏంటో తెలియక పక్కన పడేసేవాళ్లు, 1904-05లో సంగతి తెలిసింది, 1916కల్లా ధర ఆకాశానికి ఎక్కింది, స్పడ్ ప్యాచ్ అనే చోటైతే సిరలు తవ్వక్కర్లేదు, పైనున్న కంకరలోనే ముక్కలు దొరికేవి. యుద్ధం అయ్యాక ధర ఢమాల్, చైనా సరుకు చవగ్గా వచ్చిపడింది.

రాళ్లు గుర్తుపట్టడం నేర్చుకునేవాళ్లకి కూడా షీలైటే ఈజీ, చీకట్లో షార్ట్‌వేవ్ యూవీ లైట్ వేస్తే నీలం-తెలుపుగా మెరుస్తుంది, ఉల్ఫ్రమైట్ మెరవదు, దాన్ని రంగూ బరువూ చూసే పట్టుకోవాలి. కానీ మన దేశపు టంగ్‌స్టన్ కథ తెలియాలంటే మాత్రం డేగానాతోనే మొదలుపెట్టండి.