నాలుగేళ్లుగా వాడుతున్న గ్లూకోమీటర్: మెమొరీ మంచిదే, ముందు దాని టైమ్ చూసుకోండి

ఈ గ్లూకోమీటర్ నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది. స్ట్రిప్ ఎలా పెట్టాలో, సూది ఎక్కడ గుచ్చుకోవాలో అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాకు చెప్పాలనున్నది దీని మెమొరీ గురించే. 500 రీడింగులు తారీఖు, టైమ్‌తో సహా దాచిపెడుతుంది. కొన్న కొత్తలో ఆ ఒక్క సంగతికే మురిసిపోయి, తెలిసినవాళ్లందరికీ ఇదే కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా అదే చెబుతాను. కాకపోతే జరిగింది కూడా చెబుతాను.

షుగర్‌తో పాటు థైరాయిడ్ కూడా అదుపులోకి రావడం లేదని మా ఫ్యామిలీ డాక్టర్ నన్ను హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రినాలజిస్టు దగ్గరికి పంపారు. అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. మొదటిసారి వెళ్తున్నాను, ఏదీ మర్చిపోకూడదని పాత రిపోర్టులన్నీ తారీఖుల వరసలో ఫైల్లో పెట్టాను. రోజూ పరగడుపున ఒకసారి, రాత్రి భోజనమైన రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసుకున్నాను. పుస్తకంలో మాత్రం ఒక్క అంకె కూడా రాయలేదు. మిషనే గుర్తుపెట్టుకుంటోంది కదా, మళ్లీ రాయడం ఎందుకనుకున్నాను.

డాక్టర్ గారు మిషన్ చేతిలోకి తీసుకుని వరసగా బటన్ నొక్కుతూ చూశారు. "పొద్దున తిన్నాక బాగా పెరుగుతోందండీ. 236, 221, 229... సాయంత్రం ఆరింటికి మాత్రం పర్వాలేదు" అన్నారు. పొద్దుటి మందు గురించి ఏదో రాయబోతున్నారు. నాకు అర్థం కాలేదు. "పొద్దున తిన్నాక నేనెప్పుడూ చూసుకోలేదండీ. పరగడుపున, రాత్రి భోజనం తర్వాత, అంతే" అన్నాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి, చివరి రీడింగు తీసి మిషన్ నా వైపు తిప్పారు. తారీఖు ఆ రోజుదే. టైమ్ సాయంత్రం 6:10 అని ఉంది. అప్పటికి పొద్దున పదకొండు కూడా కాలేదు.

ఓ పది రోజుల క్రితం బ్యాటరీ మార్చినప్పుడు టైమ్ మళ్లీ పెట్టాను. ఇది పన్నెండు గంటల గడియారం. అంకె సరిగ్గానే పెట్టాను కానీ, దాని పక్కన చిన్నగా కనిపించే ఏఎం, పీఎం చూసుకోలేదు. దాంతో పరగడుపు రీడింగులన్నీ సాయంత్రానివైపోయాయి, రాత్రివన్నీ మర్నాటి పొద్దుటివైపోయాయి. ఏ పూట పెరుగుతోందో చూసే మందూ దాని మోతాదూ నిర్ణయిస్తారు. నేను ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

పన్నెండు గంటలు కలిపి చూసుకుంటే సరిపోతుంది కదా అని అడిగాను. "బ్యాటరీ ఏ రోజు మార్చారు?" అన్నారు. కచ్చితంగా చెప్పలేకపోయాను. మార్పు ఎక్కడ మొదలైందో తెలియనప్పుడు వీటిని పట్టుకుని మందు మార్చనన్నారు. రెండు వారాలు పుస్తకంలో రాసుకుని మళ్లీ రమ్మన్నారు. మూడు వారాలు ఎదురుచూసి వెళ్లిన నాకు ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆగలేదు.

ఆ రోజు అక్కరకొచ్చింది మిషన్ కాదు, మాత్రల సంచి. బయల్దేరే ముందు ఎందుకో రోజూ మింగేవన్నీ సంచిలో వేసుకున్నాను. డాక్టర్ గారు వాటిని టేబుల్ మీద పోసి ఒక్కొక్కటీ ఎప్పుడు వేసుకుంటానో అడిగారు. రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ మాత్రను పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటున్నానని అప్పుడు బయటపడింది. ఐరన్, కాల్షియం లాంటివి థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవట, మధ్యలో నాలుగు గంటల తేడా ఉండాలన్నారు. డోసు పెంచినా నా టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తపరీక్షలో పెరిగే అంకె) ఎందుకు దిగలేదో అదీ సంగతి. ఐరన్ లోపం ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు, ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని కూడా చెప్పారు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ ఏమైనా వాడుతున్నారా అని అడిగారు, అది థైరాయిడ్ టెస్టు అంకెల్ని తారుమారు చేస్తుందట. ఐరన్ మధ్యాహ్నానికి మార్చి, ఎనిమిది వారాల తర్వాత టెస్టు చేయిస్తే థైరాయిడ్ డోసు ముట్టుకోకుండానే టీఎస్‌హెచ్ దిగింది.

అందుకే మెమొరీ గురించి ఇదివరకటిలా మాట్లాడలేను. అంకె దాస్తుంది, నిజమే. ఆ పూట ఏం తిన్నాను, ఏ మాత్ర మర్చిపోయాను, రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నవి అందులో ఉండవు. తినకముందు, తిన్నాక అని గుర్తు పెట్టుకునే బటన్ ఉందని కూడా నాకు రెండో ఏడుగానీ తెలియలేదు. అది మొదటే వాడి ఉంటే టైమ్ తప్పినా ఏది పరగడుపుదో తెలిసిపోయేది.

అంకెల విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన పొద్దున అక్కడే దీంతోనూ చూసుకున్నాను. ఇది 131 చూపిస్తే ల్యాబ్‌లో 138 వచ్చింది. 100 దాటిన రీడింగులకు 15 శాతం దాకా తేడా మామూలేనని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. చేతులు కడుక్కోకుండా, పండు కోసిన వేళ్లతో చూస్తే మాత్రం నమ్మకండి. ఒకసారి 190 చూసి హడలిపోయాను, కడుక్కుని చూస్తే 128.

నాకు రెండు జబ్బులూ మాత్రలతోనే నడుస్తున్నాయి, రోజుకు రెండుసార్లు చూసుకుంటే సరిపోతోంది. ఆ లెక్కన ఈ మిషన్ నాకు చాలు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, ఉన్నట్టుండి లో షుగర్ అయ్యేవాళ్లకు ఇది చాలుతుందో లేదో నేను చెప్పలేను, చర్మానికి అంటించుకునే సెన్సర్ అవసరమేమో మీ డాక్టర్‌నే అడగండి. మొదటిసారి స్పెషలిస్టు దగ్గరికి వెళ్తున్నవాళ్లు ముందురోజు రాత్రి మిషన్ టైమ్‌నూ ఫోన్ టైమ్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బ్యాటరీ మార్చిన తారీఖు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. నేనైతే మిషన్ వెనక చిన్న కాగితం అంటించి దాని మీద రాస్తున్నాను.