ఎంపీ/ఎం 2: ఒకే జెడ్80 మీద ముగ్గురు కూర్చుంటే

సీపీ/ఎం (ఒక్కరే వాడుకునే పాత ఆపరేటింగ్ సిస్టమ్) వాడినవాళ్లకి, ఒకే కంప్యూటర్‌ను పలువురు టెర్మినళ్ల నుంచి పంచుకునేలా చేసే ఎంపీ/ఎం 2 కొత్తగా అనిపించదు. డిజిటల్ రీసెర్చ్ కంపెనీ 1979లో ఎంపీ/ఎంను, 1981లో ఈ రెండో వెర్షన్‌ను తెచ్చింది. ప్రాంప్ట్‌లో డ్రైవు ముందు యూజర్ నంబరు (డిస్కులోని ఫైళ్లను విడదీసే అంకె) కూడా కనిపిస్తుంది, పైకి అంతే తేడా. అసలు సంగతి మెమరీలో ఉంది.

జెడ్80 ప్రాసెసర్‌కి ఒకేసారి కనిపించే మెమరీ 64 కేబీ. అందుకే బ్యాంకులు, అంటే మార్చి మార్చి వాడే మెమరీ భాగాలు. సాధారణంగా పై 16 కేబీ అందరికీ ఉమ్మడి. కింది 48 కేబీ ప్రోగ్రామును బట్టి మారుతుంది. సిస్టమ్‌ను అమర్చే జెన్‌సిస్ ప్రోగ్రాము నడిపి ఒక్కో సెగ్మెంటుకు (ప్రోగ్రాముకు ఇచ్చే మెమరీ ముక్కకు) బేస్, సైజు, అట్రిబ్యూట్, బ్యాంకు ఇవ్వాలి. కామ్ ఫైళ్లు (నడిపే ప్రోగ్రాములు) మెమరీలో 100 హెక్స్ చిరునామా దగ్గరే లోడవుతాయి కాబట్టి ఒక్కొక్కరికి సున్నా దగ్గర మొదలయ్యే సెగ్మెంటు ఒకటి కావాలి. చాలకపోతే ‘ఆబ్స్ టీపీఏ నాట్ ఫ్రీ’ (అలాంటి సెగ్మెంటు ఖాళీ లేదు) అంటుంది. కంట్రోల్-డీ కొట్టి టెర్మినల్ నుంచి విడదీసి వదిలేసిన ప్రోగ్రాము కూడా తన సెగ్మెంటును విడవదు. ముందు సిస్టమ్ స్థితి చూపే ఎంపీఎంస్టాట్‌లో అది చూడండి.

ఎక్కువ తలనొప్పి ఫైళ్లతో. మామూలుగా తెరిచిన ఫైలు లాక్డ్ మోడ్‌లో, అంటే ఇంకొకరు తెరవలేని విధంగా, తెరుచుకుంటుంది. ఒకరు వర్డ్‌స్టార్ అనే వర్డ్ ప్రాసెసర్‌లో ఉంటే రెండోవారికి దాని ఓవర్లే ఫైలు (అవసరమైనప్పుడు లోడయ్యే ప్రోగ్రాము భాగం) దొరకదు. ఓవర్లేలను యూజర్ 0లో పెట్టి, సెట్ కమాండ్‌తో సిస్టమ్, రీడ్-ఓన్లీ గుర్తులు ఇవ్వండి. మిగతా యూజర్ నంబర్ల నుంచి అందరూ కలిసి చదువుకోవచ్చు. యూజర్ 0లో మాత్రం ఎవరూ పని చేయకూడదు. రికార్డు లాకింగ్, అంటే ఫైలంతా కాక ఒక్క రికార్డునే పట్టి ఉంచడం (సిస్టమ్‌ను అడిగే 42, 43 నంబరు కాల్స్), నిజంగా బాగుంది. కానీ పాత అకౌంట్ల ప్యాకేజీలకి ఆ కాల్స్ ఉన్నాయనే తెలియదు.

4 మెగాహెర్ట్జ్ మీద ముగ్గురికి మించి కూర్చోబెట్టకండి. 16 కన్సోళ్లు మాన్యువల్‌లోని మాట. సీపీ/ఎం కోసం రాసిన ప్రోగ్రాములు ‘కీ నొక్కారా?’ అని ఆగకుండా అడుగుతూ, ఖాళీగా ఉన్నప్పుడు కూడా ప్రాసెసర్‌ను తినేస్తాయి. ఎక్స్‌ఐఓఎస్‌ను (హార్డ్‌వేర్‌తో మాట్లాడే భాగాన్ని) ఇంటరప్ట్‌లతో కాక పోలింగ్‌తో (మళ్లీ మళ్లీ అడిగి చూసేలా) రాసి ఉంటే వేగంగా టైపు చేసేవాళ్ల అక్షరాలు పోతాయి. మెషీను కొనేముందు ఒక టెర్మినల్‌లో కంపైల్ పెట్టి ఇంకోదానిలో టైపు చేసి చూడాలి.

ఫ్లాపీ తీసేముందు డిస్క్‌రీసెట్ కమాండ్ తప్పనిసరి. ఆ డ్రైవులో ఇంకెవరి ఫైలైనా తెరిచి ఉంటే అదే ఒప్పుకోదు. ప్రోగ్రాముల మధ్య మాత్రం ఏ అడ్డుగోడా లేదు. ఒకరి ప్రోగ్రాము దారి తప్పి ఉమ్మడి 16 కేబీలో రాసినా, ఇంటరప్ట్‌లు ఆపేసి లూప్‌లో పడినా, ముగ్గురి తెరలూ ఒక్కసారే బిగుసుకుపోతాయి. అప్పుడు మిగిలేది రీసెట్ బటనే.