నాలుగో నెలలో యూరిన్ కల్చర్, హన్మకొండలో మేం వెళ్లిన ల్యాబ్

నాలుగో నెల చెకప్‌లో డాక్టరమ్మ యూరిన్ కల్చర్ రాసింది, అంటే మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. మంట లేదు జ్వరం లేదు, మరి ఎందుకో అనుకున్నా. మా అత్తమ్మయితే వేడి చేసుంటదిలే, బార్లీ నీళ్లు తాగు అంది.

ముందు ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్‌ ఒకటి బుక్ చేశాం, పేరు రాయను. పొద్దున్నే అబ్బాయి వచ్చి డబ్బా తీసుకుని బండికున్న సంచిలో వేసుకున్నాడు, ఐస్ ప్యాక్ లేదు ఏం లేదు, ఇంకా నాలుగిళ్లు తిరగాలన్నాడు. మూడ్రోజులాగితే రిపోర్ట్‌లో రకరకాల బ్యాక్టీరియా కలిసింది, మళ్లీ శాంపిల్ ఇవ్వండి అని వచ్చింది. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలట, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలట, ఎండలో తిరిగితే డబ్బాలోనే క్రిములు పెరిగిపోతాయట. ఆ మూడ్రోజులు పోయినట్టే కదా, చాలా బాధేసింది.

తర్వాత హాస్పిటల్ పక్కనే ఉన్న చిన్న ల్యాబ్‌కి వెళ్లాం. అక్కడి సిస్టర్ సీలున్న డబ్బా తెచ్చి మూత ఎట్లా పట్టుకోవాలో చూపించింది, "లోపల వేలు తగలనియ్యకమ్మా, ముందు నుంచి వెనక్కి కడుక్కో, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టు" అని నిదానంగా చెప్పింది. ఇవ్వగానే డబ్బా మీద టైం రాసి లోపలికి తీసుకెళ్లింది.

ఈసారి ఈ.కోలి అనే బ్యాక్టీరియా వచ్చింది, ఎం.ఎల్‌కి లక్ష కాలనీల పైనే, అంటే వదిలేయలేనంత ఎక్కువ! నాకు ఒక్క లక్షణం కూడా లేదు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లకి మూత్రనాళాలు వదులవుతాయి, పైనుంచి గర్భసంచి నొక్కుతది, మూత్రం నిలవుండి బ్యాక్టీరియా కిడ్నీకి ఎక్కుతది, అప్పుడు చలిజ్వరంతో అడ్మిట్ అవ్వాలి, నెలలు నిండకుండా నొప్పులొచ్చే ప్రమాదం కూడా ఉంది అని డాక్టరమ్మ చెప్తుంటే చేతులు చల్లబడ్డాయి. ఏ మందుకి లొంగుతదో ఏ మందుకి లొంగదో రిపోర్ట్‌లోనే ఉంది, దాన్ని చూసే రాసింది. ఆ మందు పేరు ఇక్కడ పెట్టను, నెలని బట్టి మారుస్తారు, దయచేసి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

కోర్సు అయ్యాక మళ్లీ అక్కడే కల్చర్ చేయించాం, ఏమీ పెరగలేదు అని వచ్చింది, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నా.

నాలుగు స్టార్లే ఇస్తున్నా, బాత్రూం ఒక్కటే ఉంది, నిండు నెలల వాళ్లు కూడా లైన్లో నిలబడాల్సొస్తోంది. ఎనిమిదింటిలోపు వెళ్తే రష్ ఉండదు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి.